దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేశారా? గ్రాడ్యుయేషన్ డేని ఇంటిల్లిపాదితో జరుపుకోవడానికి సమగ్ర మార్గదర్శి

రోజూ కాలేజీకి వెళ్లి చదివినవాళ్లకి గ్రాడ్యుయేషన్ డే అంటే స్నేహితుల పండగ. ఇంట్లోవాళ్లు వస్తారు, వెనక వరసలో కూర్చుంటారు, చప్పట్లు కొడతారు, వెళ్తారు. దూరవిద్యలో చదివినవాళ్ల సంగతి వేరు. హాల్లో పక్క కుర్చీలో ఉన్న మనిషిని బహుశా అదే మొదటిసారి చూడటం. మరి ఇన్నేళ్లూ మనతోపాటు ఈ చదువు మోసిందెవరు? పరీక్షల ముందు టీవీ సౌండ్ తగ్గించినవాళ్లు, మన బదులు పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లొచ్చినవాళ్లు, అసైన్‌మెంట్ ఆఖరి రోజు రాత్రి నెట్ పోతే తమ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి పక్కనే కునికిపాట్లు పడినవాళ్లు. మన క్లాస్‌మేట్లు వాళ్లే. అందుకే ఈ రోజుని యూనివర్సిటీ పంపే కార్యక్రమ పట్టిక చూసి ప్లాన్ చేయకండి. ఇంటివైపు నుంచి మొదలుపెట్టండి.

అయితే అంతకంటే ముందు కాస్త కాగితాల పని ఉంది.

మొదటి మెట్టు: పట్టా వస్తుందని ఖాయం చేసుకోండి

ఫలితాలు వచ్చాయి, పాసయ్యాం, ఇక పిలుపు దానంతటదే వస్తుందనుకుంటారు చాలామంది. చాలా యూనివర్సిటీల్లో అలా రాదు. పట్టా కోసం విడిగా దరఖాస్తు పెట్టాలి, ఫీజు కట్టాలి, వేడుకకు వస్తారా రారా అన్నది గడువులోగా చెప్పాలి. పట్టాకి అర్హత పొందడం వేరు, వేడుకలో సీటు బుక్ చేసుకోవడం వేరు. రెండూ ఒకే ఫారంలో ఉంటాయో, రెండు చోట్ల నింపాలో చూసుకోండి. వెబ్‌సైట్లో నోటిఫికేషన్ పెట్టి ఊరుకునే చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి, ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి వారానికోసారి ఆ పేజీ తెరిచి చూడటం అలవాటు చేసుకోండి.

ఇవి అప్పుడే సరిచూసుకోండి: ఫీజు బకాయిలు, లైబ్రరీ పుస్తకాలు, రికార్డుల్లో మీ పేరు స్పెల్లింగ్, చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్. దూరవిద్యలో ఈ ఆఖరి నాలుగూ చాలా ముఖ్యం. చేరినప్పుడు ఉన్న ఇల్లు మారి ఉంటారు, నంబరు మార్చి ఉంటారు, పెళ్లయ్యాక ఇంటిపేరు కూడా మారి ఉండొచ్చు. పాసులు పాత చిరునామాకి వెళ్లి వెనక్కి తిరిగిపోతే, వేడుక రోజు గేటు దగ్గర వాదించినా ఉపయోగం ఉండదు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా పట్టా ప్రింటుకి వెళ్లకముందే రాతపూర్వకంగా అడగండి. ప్రింటయ్యాక దిద్దించుకోవడం పెద్ద తతంగం.

ఇంకో చిన్న పని. మీ పేరు ఎలా పలకాలో యూనివర్సిటీకి చెప్పండి. రెగ్యులర్ విద్యార్థి పేరు డిపార్ట్‌మెంట్లో పది మందికైనా తెలిసుంటుంది, మన పేరుని మాత్రం వేదిక మీద చదివే మనిషి ఆ క్షణమే మొదటిసారి చూస్తారు. కొన్ని చోట్ల ఫారంలోనే ఉచ్చారణ రాసే గడి ఉంటుంది. లేకపోతే వేదిక దగ్గర చేతికిచ్చే పేరు చీటీ మీద అక్షరాలు విడదీసి పెన్సిల్‌తో రాసి ఇవ్వండి. అమ్మానాన్నలు పెట్టిన పేరుని వాళ్ల ఎదుటే ఖూనీ చేయకుండా ఇదొక్కటీ కాపాడుతుంది.

రెండో మెట్టు: వెళ్లాలా, ఇంట్లోనే చేసుకోవాలా?

దీన్ని పరువు సమస్య చేసుకోకండి. వేడుకకు వెళ్లకపోయినా పట్టా పట్టానే. గైర్హాజరీలో పట్టా ఇచ్చే పద్ధతి చాలా యూనివర్సిటీల్లో ఉంది. సర్టిఫికెట్ పోస్టులో పంపుతారు, లేదా ఆఫీసులో ఇస్తారు. నెల్సన్ మండేలా సంగతి చూడండి. యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆఫ్రికా ద్వారా బీఏ పూర్తిచేసి, 1943లో ఫోర్ట్ హేర్ కాలేజీకి వెళ్లి పట్టా అందుకున్నారు. జైలు జీవితం చివరి రోజుల్లో, 1989లో, అదే యూనివర్సిటీ నుంచి ఎల్‌ఎల్‌బీ సాధించారు. ఆ పట్టా ఇచ్చిన వేడుక కేప్‌టౌన్‌లో జరిగింది, ఆయన మాత్రం అక్కడ లేరు. మొదటి డిగ్రీ హాజరులో, రెండోది గైర్హాజరులో. రెండోదాని విలువ ఏమైనా తగ్గిందా?

నిర్ణయం తీసుకునేటప్పుడు మూడు విషయాలు చూడండి. ఇంట్లో పెద్దవాళ్లు అంత ప్రయాణం చేయగలరా? ఖర్చు పెట్టాక ఇంటి బడ్జెట్ తలకిందులవుతుందా? మీకు నిజంగా ఆ వేదిక ఎక్కాలని ఉందా, లేక అందరూ వెళ్తున్నారని వెళ్తున్నారా? మొదటి రెండింటికి జవాబు అనుకూలంగా ఉండి, మూడోదానికి ‘ఉంది’ అని వస్తే తప్పకుండా వెళ్లండి. ఎందుకంటే దూరవిద్యలో చదివినవాళ్లకి యూనివర్సిటీ అంటే ఇన్నాళ్లూ ఒక లాగిన్ పేజీ, ఒక పార్సిల్, ఒక హాల్‌టికెట్. ఆ గోడల మధ్య నిలబడితే అది నిజమవుతుంది, మీకే కాదు, ‘ఎప్పుడు చూసినా ఆ కంప్యూటర్ ముందేనా’ అన్న పిల్లలక్కూడా.

దూరం అడ్డమైతే దగ్గర్లో వేదిక ఉందేమో కనుక్కోండి. పెద్ద దూరవిద్యా సంస్థలు ఒకే చోట వేడుక పెట్టి ఊరుకోవు. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ వేర్వేరు నగరాల్లో నిర్వహిస్తుంది. మన దగ్గర ఇగ్నో ఢిల్లీలో ప్రధాన స్నాతకోత్సవం జరిపే రోజే ప్రాంతీయ కేంద్రాల్లోనూ పట్టాలు ఇచ్చే ఏర్పాటు చేస్తుంది. ఈసారి కుదరకపోతే వచ్చే విడతకి వాయిదా వేసుకోనిచ్చే చోట్లు కూడా ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషనో, కాన్పో ఉంటే ఆ వెసులుబాటు అడిగి చూడండి.

మూడో మెట్టు: పాసులు రెండు, మనుషులు ఆరుగురు

అసలు టెన్షన్ ఇక్కడే. చాలాచోట్ల ఒక్కో విద్యార్థికి ఇద్దరు అతిథులకే అనుమతి. భర్తో భార్యో ఒకరు, అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఫీజు కట్టిన అన్నయ్య. ఎవర్ని తీసుకెళ్తారు?

వరస ప్రకారం, వయసు ప్రకారం ఎంచడం నాకు సరైన పద్ధతి అనిపించదు. ఈ చదువు వల్ల ఎక్కువ వదులుకున్నది ఎవరో చూడండి. మీరు పరీక్ష రాస్తుంటే బయట చెట్టు కింద మూడు గంటలు పసిపిల్లని ఎత్తుకుని కూర్చున్న మనిషికి మొదటి పాసు. రెండోది, ఈ వేడుక చూడటం జీవితంలో మళ్లీ కుదరదేమో అనిపించే మనిషికి. ఈ లెక్కలో ఒక్కోసారి అమ్మానాన్నలు కాక అత్తగారు ముందుకొస్తారు. రానివ్వండి. ఎవర్ని ఎందుకు ఎంచుకున్నారో మిగిలినవాళ్లకి మీరే నోటితో చెప్పండి, ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ పెట్టి చేతులు దులుపుకోకండి.

అదనపు పాసుల కోసం కూడా ప్రయత్నించండి. రాలేనివాళ్లు వెనక్కిచ్చిన పాసులు వేడుక దగ్గరపడ్డాక మళ్లీ ఇస్తుంటారు. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి, చివరి పది రోజుల్లో ఇంకోసారి అడగండి. దొరక్కపోయినా మిగతావాళ్లని ఇంట్లోనే వదిలేయాల్సిన పనిలేదు. పాసు కావాల్సింది హాల్లోకే. ఫోటోలు, కబుర్లు, భోజనం, క్యాంపస్ చూడటం అన్నీ హాలు బయటే. లైవ్ వస్తుంటే బయట కూర్చుని ఫోన్లో చూస్తారు, అయిపోగానే కలుస్తారు. కొన్నిచోట్ల క్యాంపస్‌లోనే పెద్ద తెర పెడతారు. గేటు లోపలికి పాసు లేకుండా రానిస్తారా అన్నది మాత్రం ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

చిన్నపిల్లల విషయంలో నా సలహా కాస్త కరుగ్గా ఉంటుంది. వేదికపైకి 300 మంది వెళ్తారనుకోండి. ఒక్కొక్కరికి 15 సెకన్లు వేసుకున్నా గంటా పావు. దానికి ముందు ఊరేగింపు, ఉపన్యాసాలు. అందులో మీరు కనిపించేది ఆ 15 సెకన్లే. నాలుగేళ్ల పిల్లాడు రెండు గంటలపైన బుద్ధిగా కూర్చుంటాడని ఆశపడటం వాడికి అన్యాయం. పిల్లల్ని తెస్తే దారి పక్క సీట్లు అడగండి, అవసరమైతే పిల్లాడితో బయటికెళ్లే పెద్దమనిషి ఎవరో ముందే అనుకోండి. ఆ మనిషికి మీ వంతు ఎన్నోదో తెలిస్తే సమయానికి లోపలికి రాగలరు. మీ సీటు నంబరో వరస సంఖ్యో తెలియగానే మెసేజ్ పెట్టండి.

చక్రాల కుర్చీ, మెట్లు లేని దారి, వేదికకి దగ్గర సీటు, సంజ్ఞా భాష లాంటివి కావాలంటే బుకింగ్ సమయంలోనే రాయండి. ఆ రోజు అడిగితే వాలంటీర్లు మంచివాళ్లే అయినా చేయగలిగింది కొంతే.

నాలుగో మెట్టు: గౌను, టోపీ, ఆ జారిపోయే హుడ్

మధ్యయుగపు యూరప్ యూనివర్సిటీల్లో చదువుకునేవాళ్లూ చదువు చెప్పేవాళ్లూ చాలావరకు మతాచార్యుల వర్గం. చలికి ఆగే పొడవాటి గౌనులు వాళ్ల రోజువారీ దుస్తులు. అదే ఆచారంగా మిగిలింది. అమెరికా యూనివర్సిటీలు 1895లో దీనికి ఒక ఉమ్మడి నియమావళి పెట్టుకున్నాయి. వీపు మీద వేలాడే హుడ్ అనే గుడ్డ లోపలి రంగుని బట్టి ఏ యూనివర్సిటీయో, అంచు రంగుని బట్టి ఏ శాస్త్రమో చెప్పొచ్చు. మిగతా దేశాల్లో ఎవరి పద్ధతి వాళ్లది. గౌను వద్దని కండువాతో సరిపెట్టే యూనివర్సిటీలూ ఉన్నాయి. మీ చోట ఏది తప్పనిసరో చదివాకే డబ్బు కట్టండి.

గౌను సాధారణంగా అద్దెకిస్తారు. మీ ఎత్తు, ఛాతీ, తల చుట్టుకొలత అడుగుతారు. తల కొలత కనుబొమల పైన, చెవుల మీదుగా టేపు తిప్పి తీసుకోండి. జడ, ముడి, తలపాగా, హిజాబ్ ఏది ఉంటే అది, వేడుక రోజు ఎలా వేసుకుంటారో అలాగే వేసుకుని కొలవండి. గడువు దాటితే గౌను దొరకడం కష్టం, వేడుక గడువుకన్నా గౌను గడువు ముందే ముగియొచ్చు.

ఇక హుడ్. మెడలోంచి వీపు మీదకి వేలాడే ఈ గుడ్డ బరువు వల్ల వెనక్కి జారుతూ, ముందువైపు అంచు గొంతుకి పట్టేస్తుంది. అందుకే ముందు అంచుకి చిన్న ఉచ్చు కుట్టి ఉంటుంది, అది చొక్కా గుండీకి తగిలించాలి. చీర, కుర్తీ, గుండ్రటి మెడ డ్రెస్ వేసుకున్నవాళ్లకి గుండీ ఉండదు. మంచి పిన్నీసులు నాలుగు తీసుకెళ్లండి. ఒకటి ఉచ్చుకి, రెండు భుజాల దగ్గర గౌనుకి హుడ్‌కి కలిపి, నాలుగోది పక్కన అదే అవస్థ పడుతున్నవాళ్లకి. వేడుక మొదలయ్యే ముందు కారిడార్లో ఒకరి పిన్ను ఒకరు పెట్టుకుంటూ అపరిచితులు ఎంత త్వరగా స్నేహితులవుతారో చూస్తారు. పలక టోపీ నుదుటి మీద నేలకి సమాంతరంగా కూర్చోవాలి, వెనక్కి వాలితే ఫోటోలో ముఖం కంటే టోపీ అంచే ఎక్కువ పడుతుంది. లోపల వేసుకునే బట్టలు పలచగా ఉండాలి, గౌను మందంగా ఉంటుంది, హాల్లో లైట్లు వేడి. చెప్పులు మెట్లెక్కి దిగడానికి వీలైనవి. కొత్తవైతే ముందు వారం ఇంట్లో వేసుకుని తిరగండి.

ఐదో మెట్టు: ఒక రోజు ముందే చేరుకోండి

పొద్దున బయల్దేరి పదింటికి చేరి పదకొండింటికి వేదిక ఎక్కాలన్న ప్లాన్ కాగితం మీదే బాగుంటుంది. ముందురోజు సాయంత్రానికే చేరండి. ఒకే రోజు వందల కుటుంబాలు దిగుతాయి కాబట్టి తేదీ తెలిసిన వెంటనే బస బుక్ చేసుకోండి, రద్దు చేసుకునే వీలున్నది చూసుకోండి.

ఆ సాయంత్రాన్ని క్యాంపస్‌కే ఇవ్వండి. ఈ వ్యాసంలో ఒక్క సలహా మాత్రమే పాటిస్తానంటే ఇది పాటించమంటాను. వేడుక రోజు క్యాంపస్ జనంతో, షామియానాలతో నిండిపోయి ఉంటుంది. ముందురోజు ఖాళీగా ఉంటుంది. మీ పుస్తకాల పార్సిల్ మీద ‘పంపినవారు’ దగ్గర అచ్చయిన బ్లాక్ ఏదో వెతకండి. ఫోన్ చేస్తే లైన్లో పెట్టి అరగంట సంగీతం వినిపించిన పరీక్షల విభాగం ఏ కిటికీ వెనక ఉందో పిల్లలకి చూపించండి. లైబ్రరీలోకి రానిస్తే ఐదు నిమిషాలు కూర్చోండి. రోజూ వచ్చేవాళ్లకి ఇవి మామూలు గోడలు. మీరు వీటిని ఏళ్ల తరబడి ఊహించుకుంటూ చదివారు.

మీ పేపర్లు దిద్దిన ట్యూటర్, స్టడీ సెంటర్ కౌన్సెలర్, ఫోన్లో సందేహాలు తీర్చిన ఆఫీసు ఉద్యోగి ఎవరైనా ఆ రోజు ఉంటారేమో రెండు వారాల ముందు మెయిల్ పెట్టండి. ‘మిమ్మల్ని మా అమ్మకి పరిచయం చేయాలి’ అని రాస్తే వాళ్లు కూడా ఓపిక చేసుకుని వస్తారు. వాళ్లకీ విద్యార్థి అంటే ఎన్‌రోల్‌మెంట్ నంబరే కదా, ముఖం చూడటం వాళ్లకీ కొత్తే. తోటి విద్యార్థులతోనూ ఒక చోటు, ఒక సమయం అనుకోండి. వాట్సాప్ గ్రూపులో ఏళ్లుగా వాయిస్ మెసేజ్‌లు విన్నవాళ్లం కాబట్టి ముఖం గుర్తుపట్టకపోయినా గొంతు వినగానే తెలిసిపోతుంది. డీపీలో సూర్యాస్తమయం పెట్టుకున్న ఆయన బట్టతల పెద్దమనిషి అని తేలినప్పుడు పుట్టే నవ్వులో ఇంట్లోవాళ్లు కూడా కలుస్తారు.

ఆరో మెట్టు: ఆ రోజు గంటగంటకీ

ముందు రిజిస్ట్రేషన్. గుర్తింపు కార్డు, కన్ఫర్మేషన్ మెయిల్ ప్రింటు మీ దగ్గర, పాసులు ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి. ఎందుకంటే లోపలికి వెళ్లాక మిమ్మల్ని వాళ్లనుంచి విడదీస్తారు. అన్ని పాసులూ మీ జేబులోనే ఉండిపోతే వాళ్లు గేటు బయట ఉండిపోతారు.

తర్వాత గౌను. వెంటనే స్టూడియో ఫోటో. వేడుక అయ్యాక తీయించుకుందాం అనుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి క్యూ అప్పుడు చాంతాడంత ఉంటుంది. ముందే వెళ్తే పని త్వరగా అవుతుంది, జుట్టు కూడా చెదరకుండా ఉంటుంది. ఫోటో అవగానే బ్యాగు, ఫోన్, వాటర్ బాటిల్ ఇంట్లోవాళ్లకి ఇచ్చేయండి, వేదిక మీదకి చేతులు ఖాళీగా వెళ్లాలి. వేడుక తర్వాత ఎక్కడ కలవాలో ఒక గుర్తు చెప్పుకోండి: గడియారం కింద, ఫలానా విగ్రహం ఎదుట, రెండో గేటు పక్కన. అంతమంది ఒకేసారి ఫోన్లు తీస్తే నెట్‌వర్క్ మొరాయిస్తుంది, ‘ఎక్కడున్నావ్’ అన్న మెసేజ్ మీరు ఇల్లు చేరాక వస్తుంది.

తలుపులు మూసే సమయం ఇంట్లోవాళ్లకి అరగంట ముందుకి జరిపి చెప్పండి. అబద్ధమే, కానీ అవసరమైన అబద్ధం. వాళ్లు కూర్చోవాల్సింది వేదిక నుంచి మీరు దిగివచ్చే మెట్లవైపు. ఎటు ఎక్కి ఎటు దిగుతారో వాలంటీర్లని అడిగితే చెబుతారు. ఎక్కేటప్పుడు మీ ధ్యాసంతా అడుగుల మీద ఉంటుంది, దిగేటప్పుడే తలెత్తి వాళ్లని వెతుకుతారు.

వీడియో ఒక్కరే తీయాలి. అందరూ తీస్తే అందరి వీడియోల్లోనూ ముందువరస తలకాయలే ఉంటాయి, చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు. ఎవరి చేయి వణకదో వాళ్లకి ఆ పని అప్పగించండి. ఫోన్ అడ్డంగా పట్టుకోమనండి, మీ ముందు ఇద్దరి పేర్లు పిలుస్తుండగానే రికార్డింగ్ మొదలుపెట్టమనండి. మిగతావాళ్లు కళ్లతో చూడాలి. యూనివర్సిటీ వీడియో ఎలాగూ వస్తుంది.

ముందే చెప్పాల్సిన ఇంకో ముక్క: వేదిక మీద ఇచ్చే ఫోల్డర్ ఖాళీగా ఉండొచ్చు. అసలు సర్టిఫికెట్ పక్క కౌంటర్లోనో తర్వాత పోస్టులోనో ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఇది తెలియని నాన్నగారు ఫోల్డర్ తెరిచి చూసి ‘ఇందులో ఏమీ లేదేంటమ్మా, ఫెయిలయ్యావా?’ అని కంగారు పడతారు.

ఏడో మెట్టు: గౌను తిరిగిచ్చేలోపు

గౌను ఎన్నింటికి ఇచ్చేయాలో చూసుకుని, దాన్నిబట్టి ఫోటోలు తీసుకోండి. ముందు పెద్దవాళ్లతో, ఎందుకంటే వాళ్లు అలసిపోతారు. తర్వాత పిల్లలతో, ఎందుకంటే వాళ్లకి ఆకలేస్తుంది. స్నేహితులు చివర. తోటి విద్యార్థి కుటుంబాన్ని అడిగితే మీ ఇంటిల్లిపాదీ ఉన్న ఫోటో తీసిపెడతారు, మీరు వాళ్లది తీయండి. లేకపోతే ఎప్పట్లాగే ఫోటో తీసిన మనిషి ఏ ఫోటోలోనూ ఉండరు.

అందరికీ గుర్తుండేది మాత్రం వేరే ఫోటో. టోపీ అమ్మ తలమీద పెట్టండి, గౌను నాన్న భుజాల మీద వేయండి. మొహమాటపడతారు, ‘నాకెందుకురా’ అంటారు, ఆ మాట అంటూనే టోపీ కుచ్చు సరిచేసుకుంటారు. బడి ముఖం ఎక్కువ చూడని పెద్దవాళ్లైతే ఆ క్షణాన్ని గలాటా చేయకండి, రీల్ కోసం మళ్లీ మళ్లీ పోజు పెట్టించకండి. ఒక్కటి తీసి వదిలేయండి.

ఈ రోజు దాకా ఉండలేకపోయిన మనిషి ఎవరైనా ఉంటే, వాళ్ల ఫోటో ఒకటి చిన్న సైజులో ఫోల్డర్ లోపల పెట్టుకుని వేదిక ఎక్కొచ్చు. ఎవరికీ చెప్పక్కర్లేదు.

భోజనం దగ్గర నాలుగు మాటలు మాట్లాడండి, ‘అందరికీ థ్యాంక్స్’ అని మాత్రం అనకండి. ఎవరికి దేనికో పేరుపెట్టి చెప్పండి. ‘రెండో సంవత్సరం గణాంకాల పేపర్ మళ్లీ రాయాల్సి వచ్చినప్పుడు చదువు మానేస్తానంటే, ఫీజు కట్టి రసీదు నా టేబుల్ మీద పెట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయావన్నయ్యా’ అన్నారనుకోండి, ఆ అన్నయ్యకి అంతకంటే ఏ బహుమతీ అక్కర్లేదు. నోటితో చెప్పలేనివాళ్లు ముందురోజు రాత్రే చీటీలు రాసి పెట్టుకోండి. మీ చదువు కోసం తన చదువుని వాయిదా వేసుకున్న భార్యో భర్తో చెల్లెలో ఉంటే, వాళ్లు ఎప్పుడు చేరుతున్నారన్న మాట కూడా ఆ టేబుల్ దగ్గరే తీయండి.

ఇంట్లోనే జరుపుకునేవాళ్లకి

సగం మనసుతో చేస్తే ఇది మామూలు భోజనాల కార్యక్రమం అయిపోతుంది. వేడుకకి కావాల్సినవి మూడే: ఒక సమయం, ఒక వేదిక, పేరు పిలిచే ఒక గొంతు.

సమయం: యూనివర్సిటీ లైవ్ ప్రసారం ఉంటే ఆ గంటే పెట్టుకోండి. గైర్హాజరీలో పట్టా తీసుకుంటున్నవాళ్ల పేర్లు చదువుతారో లేదో కనుక్కోండి, చదవకపోతే లైవ్‌కి కట్టుబడక్కర్లేదు. వేరే దేశాల్లో ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో చేరాలంటే వాళ్లకి తెల్లవారుజాము కాని గంట చూడండి, ఆహ్వానంలో వాళ్ల స్థానిక సమయం కూడా రాయండి. వేదిక: మీరు ఇన్నాళ్లూ చదివిన టేబుల్ పక్కన. డాబా అలంకరణ కంటే ఆ మూల బాగుంటుంది, పిల్లల గీతలు, కాఫీ కప్పు మరకలు అలాగే ఉండనివ్వండి. గొంతు: ఇంట్లో అందరికంటే చిన్న పిల్లో, అందరికంటే పెద్దావిడో పేరు పిలవాలి. పూర్తి పేరు, కోర్సు, యూనివర్సిటీ పేరు, చదువు మొదలుపెట్టిన ఏడు, పూర్తిచేసిన ఏడు, అంతే. మీరు వంటింటి తలుపు దగ్గర్నుంచి నడిచొచ్చి అందుకోండి. నవ్వొస్తుంది, రానివ్వండి.

పోస్టులో సర్టిఫికెట్ రాగానే దాచిపెట్టి ఆ రోజే తెరుద్దామనుకోకండి. అదే రోజు తెరిచి పేరు, కోర్సు, సంవత్సరం సరిచూసి, తప్పుంటే వెంటనే రాసి, లేకపోతే కవర్లో పెట్టి దాచండి. తప్పుల సవరణకి గడువు ఉంటుంది. తెరిచినట్టు ఎవరికీ చెప్పకపోతే సరి.

వీడియో కాల్‌లో చేరేవాళ్లకి కూడా ఏదో ఒక పని ఇవ్వండి. ఒకరు పేరు పిలవడం, ఒకరు రెండు మాటలు మాట్లాడటం. ఉత్తినే చూస్తూ కూర్చుంటే కాసేపటికి మ్యూట్‌లో పెట్టి వాళ్ల పని చూసుకుంటారు. తెర అవతల నుంచి పట్టా అందుకోవడం వింతేం కాదు. 2020 మార్చిలో టోక్యోలోని బిజినెస్ బ్రేక్‌త్రూ యూనివర్సిటీ, గౌను, టోపీ తొడిగిన రోబోలకి ట్యాబ్లెట్లు అమర్చి, ఇంట్లో ఉన్న విద్యార్థుల ముఖాలు వాటిలో కనిపిస్తుండగా పట్టాలు ఇచ్చింది.

‘రెగ్యులర్ కాదా?’ అని అడిగే చుట్టానికి

ప్రతి వేడుకలో ఒకరుంటారు. గొడవపడకండి, కానీ మౌనంగానూ ఉండకండి. లండన్ యూనివర్సిటీ 1858లోనే తన పరీక్షల తలుపులు బయటివాళ్లకి తెరిచింది, ఎక్కడ చదువుకున్నా సరే, పరీక్షలో నెగ్గితే పట్టా. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడి, 1971లో పాఠాలు మొదలుపెట్టి, 1973లో లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో మొదటి పట్టాల వేడుక జరిపింది, దాన్ని బీబీసీ చూపించింది. మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో మొదలైంది, ఇప్పుడు దాని పేరు డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఈ లెక్కలు చెప్పాక కూడా ఆ చుట్టం వదలకపోతే, ఉద్యోగం చేస్తూ, ఇల్లు చూసుకుంటూ ఒక్క అసైన్‌మెంట్ రాసి చూపమనండి. మీ పక్షాన ఈ మాట ఇంట్లో ఇంకెవరైనా అంటే మరీ మంచిది, అందుకు ఒకరిని ముందే సిద్ధం చేసి పెట్టుకోండి.

వేడుక అయ్యాక

గౌను రసీదు ఇచ్చి డిపాజిట్ వెనక్కి తీసుకోండి. సర్టిఫికెట్ రెండు వైపులా స్కాన్ చేసి, మీకు మీరే మెయిల్ చేసుకుని, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. అసలు ప్రతిని లామినేట్ చేయకండి, ధ్రువీకరణ ముద్రలు వేయించాల్సి వచ్చినప్పుడు లామినేట్ చేసిన కాగితాన్ని తిప్పి పంపే ఆఫీసులున్నాయి. గోడకి కలర్ జిరాక్స్ ఫ్రేమ్ కట్టించండి, అసలుది ఫైల్లో పెట్టండి. సోషల్ మీడియాలో పెట్టే ఫోటోలో రిజిస్ట్రేషన్ నంబరు, పుట్టిన తేదీ, క్యూఆర్ కోడ్ కనపడకుండా వేలు అడ్డం పెట్టండి, మీ ముఖం కనిపిస్తే చాలు.

ఫోటోలు వారంలోగా పంచేయండి. పాసు దొరకనివాళ్లకి, ఫీజు సర్దినవాళ్లకి, మీ బదులు షిఫ్టు చేసిన సహోద్యోగికి, దిద్దిన పేపర్ల మీద ఓపిగ్గా వ్యాఖ్యలు రాసిన ట్యూటర్‌కి, అందరికీ ఒకే ఫోటో కాకుండా ఎవరికి తగ్గది వాళ్లకి. ఫోన్లు లేని పెద్దవాళ్లకి ప్రింటు తీయించి, వెనకాల తేదీ, చోటు రాసి ఇవ్వండి.